900 మార్కులు రాకపోతే ఆప్టోమెట్రీ లేదా?

ఇంటర్ ఫలితాలు వచ్చిన ప్రతిసారీ ఒక వాట్సాప్ మెసేజ్ మళ్ళీ బయల్దేరుతుంది. అది ఆప్టోమెట్రీ గురించి, అంటే చూపు పరీక్షించి అద్దాల పవర్ తేల్చే చదువు గురించి. ఈసారి మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకే వచ్చింది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: "బైపీసీలో 900 రాకపోతే ఆప్టోమెట్రీ సీటు మర్చిపోండి. కావాలంటే మేనేజ్‌మెంట్ కోటాలో కొనుక్కోవాలి. యావరేజ్ పిల్లలు ఫిజిక్స్ రాక మొదటి ఏడాదే మానేస్తారు. పాసైనా కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగమే, దానికి ఆరు నెలల సర్టిఫికెట్ చాలు. ఈ డిగ్రీతో బాగుపడేది అమెరికా వెళ్ళి కళ్ళ డాక్టరైనవాళ్ళు మాత్రమే."

మా కింది అంతస్తులో ఉండే అమ్మాయికి 648 వచ్చాయి. ఆ మెసేజ్ చదివి రెండు రోజులు సరిగా అన్నం తినలేదట. మూడో రోజు వాళ్ళమ్మ నా దగ్గరికి తీసుకొచ్చింది. "అక్కా, ఇగ నాతోని కాదంటున్నరు అందరూ" అంది పిల్ల, తల పైకెత్తకుండానే. నేను పన్నెండేళ్ళుగా ఈ ఊళ్ళో ఆప్టోమెట్రిస్టుని. నా ఇంటర్ మార్కులు 631. అందుకే ఆ మెసేజ్‌లోని ఒక్కో మాటకీ జవాబు రాయాలనిపించింది.

మొదట ఆ 900 సంగతి. ఇక్కడి చాలా కాలేజీల్లో ఆప్టోమెట్రీ డిగ్రీ అయిన బి.ఆప్టమ్‌కి అడిగే అర్హత ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీతో ఇంటర్, ఆ సబ్జెక్టుల్లో సుమారు 50 శాతం. ఎంపీసీ పిల్లల్ని తీసుకునే చోట్లూ ఉన్నాయి. అంకె కాలేజీని బట్టి మారుతుంది కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్ చదవాల్సిందే. కానీ 900 అనేది అర్హతగా నేనెక్కడా చూడలేదు.

పైగా మన ఇంటర్ మొత్తం మార్కులు చూసి పిల్లల్ని అంచనా వేయడం అసలు కుదరదు. 1000లో 400 ఇంగ్లీషు, సెకండ్ లాంగ్వేజ్‌లవే. సైన్సులకు ప్రాక్టికల్స్‌తో కలిపి 600. ఒకరికి 720 వచ్చాయనుకోండి, అందులో భాషలవి 350. అంటే సైన్సుల్లో 370, 62 శాతం కూడా లేదు. ఇంకొకరికి మొత్తం 660, భాషల్లో 270. సైన్సుల్లో 390, అంటే 65 శాతం. గ్రూపుల్లో మొదటి బిడ్డకి చప్పట్లు, రెండో బిడ్డకి ఓదార్పు. సైన్సు సబ్జెక్టుల శాతమే చూసే కాలేజీలో మాత్రం రెండో బిడ్డే ముందుంటుంది. మా కింది పిల్లని మార్కుల మెమో తెమ్మని, వంటింటి గట్టు మీద పెట్టి ఇద్దరం లెక్కవేశాం. సైన్సుల్లో 396, అంటే 66 శాతం. ఆ లెక్క ఆ ఇంట్లో అప్పటిదాకా ఎవరూ వేయలేదు.

పోటీ గట్టిగా ఉండే చోట్లు లేవని చెప్పను. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత చేరే ఆరేళ్ళ ఇంటిగ్రేటెడ్ ఎం.ఆప్టమ్ (డిగ్రీ, పీజీ కలిపి) ఉంది, దానికి సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. ఢిల్లీ ఎయిమ్స్‌కి దాని ప్రవేశ పరీక్ష దానిదే. ఇలాంటి చోట ర్యాంకు రావాలి. అక్కడ కూడా నిర్ణయించేది ఆ పరీక్షే, ఇంటర్‌లో 900 వచ్చినంత మాత్రాన సీటు చేతికి రాదు. ఇంటర్ మార్కుల మెరిట్ మీదే సీట్లిచ్చే చోట 648 వెనకబడుతుంది, అదీ నిజమే. అప్పుడు చేయాల్సింది ఒక్క కాలేజీకి కాకుండా నాలుగైదింటికి దరఖాస్తు పెట్టడం.

కొన్ని సంస్థల్లో ఇంటర్వ్యూ కూడా ఉంటుంది. నన్ను అడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది. టేబుల్ మీద రెండు అద్దాలు పెట్టి, పవర్ చెప్పక్కర్లేదు, ఏది ప్లస్సో ఏది మైనస్సో చెప్పమన్నారు. మా తాతయ్యకి శుక్లాల ఆపరేషన్ అయ్యాక సోడాబుడ్డి కళ్ళద్దాలుండేవి. చిన్నప్పుడు వాటిని కంటి ముందు పట్టుకుని అటూ ఇటూ కదిలిస్తూ ఆడుకునేదాన్ని. అద్దం కుడికి జరిపితే గోడ మీది క్యాలెండర్ ఎడమకి పరిగెత్తేది. ఆ ఆట గుర్తొచ్చి మొదటి అద్దం కదిపాను. కిటికీ ఊచ ఎదురు కదిలింది, ప్లస్. రెండోదానిలో ఊచ అద్దంతోపాటే కదిలింది, మైనస్. సూత్రం రాలేదు నాకు, చూసింది చూసినట్టు చెప్పాను. సీటు వచ్చింది.

మేనేజ్‌మెంట్ కోటా గురించి రెండు మాటలు చాలు. ప్రైవేటు కాలేజీలో ఫీజు ఉంటుంది, అది తక్కువేమీ కాదు. కానీ రసీదు లేని డబ్బు ఎవరడిగినా లేచి వచ్చేయండి.

ఇక ఫిజిక్స్. ఇది నాకు దగ్గరి విషయం, ఎందుకంటే ఇంటర్‌లో ఫిజిక్స్ నన్ను ఏడిపించింది. మొదటి ఏడాది జామెట్రికల్ ఆప్టిక్స్, అంటే అద్దాల్లోంచి వెలుగు ఎలా వంగుతుందో చెప్పే పాఠం, ఉన్నమాట నిజం, స్నెల్ నియమం వస్తుంది, లెన్సు సూత్రాలొస్తాయి. కానీ ఇంటర్‌లో ఫిజిక్స్ అంటే ఐదారు రకాల లోకాలు. తిరిగే చక్రాలు, వేడి, కరెంటు, అయస్కాంతం, అన్నీ కలిపి కొట్టేస్తాయి. ఇక్కడ ఉన్నది వెలుగొక్కటే, దాన్నే నాలుగేళ్ళు పట్టుకుని కూర్చుంటాం. లెక్క కూడా భయపడేంతది కాదు. ఒకరికి అర మీటరు దాటితే మసక అనుకోండి. ఒకటిని అర మీటరుతో భాగిస్తే రెండు, కాబట్టి సైటు మైనస్ 2. పావు మీటరు దాటితే మసకంటే మైనస్ 4. ఆరో తరగతి భాగహారం ఇది. దీని మీదే మిగతాదంతా అంతస్తులు అంతస్తులుగా లేస్తుంది.

పుస్తకంలో అర్థం కానిది క్లినిక్‌లో చేతికి అర్థమవుతుంది. రెటినోస్కోప్ అని టార్చిలైటంత పరికరం ఉంటుంది. గదిలో లైటు తగ్గించి, పేషెంటు కంట్లోకి సన్నని వెలుగు గీత వేస్తాం. కంటిపాపలోంచి నారింజ రంగు మెరుపు తిరిగొస్తుంది. గీతని కదిలిస్తే ఆ మెరుపు గీతతోపాటే వస్తే ప్లస్ అద్దాలు వేసుకుంటూ పోతాం, ఎదురు పోతే మైనస్. ఒక అద్దం దగ్గర మెరుపు కదలడం మానేసి కంటిపాప మొత్తం ఒక్కసారిగా వెలుగుతుంది. అక్కడ ఆగి, మనం కూర్చున్న 67 సెంటీమీటర్ల దూరానికి 1.50 తీసేస్తే పేషెంటు ఒక్క అక్షరం చదవకముందే పవర్ తెలిసిపోతుంది. మొదటిసారి నాకలా పాప మొత్తం వెలిగిన రోజు, ఇంటర్‌లో రెండేళ్ళు బట్టీపట్టిన కుంభాకార కటకం ఒక్క క్షణంలో అర్థమైంది. మా బ్యాచ్‌లో మానేసినవాళ్ళున్నారు. కొందరు ఎంబీబీఎస్ కోసం మళ్ళీ ఎంసెట్ రాయడానికి పోయారు, కొందరికి రోజంతా పేషెంట్ల మధ్య ఉండటం నచ్చలేదు. ఫిజిక్స్ వల్ల పోయినవాళ్ళు నాకు తెలిసి లేరు.

"ఆరు నెలల సర్టిఫికెట్ చాలు" అన్న మాటకి నాకు నిజంగా కోపం వస్తుంది. కిందటేడు ఆరేళ్ళ బాబుని చాంద్రాయణగుట్ట నుంచి తీసుకొచ్చారు. ఒక షాపులో కంప్యూటర్ టెస్ట్ చేసి రెండు కళ్ళకీ మైనస్ అద్దాలిచ్చారు. పెట్టుకుంటే తలనొప్పి, పెట్టుకోకపోతే అమ్మ కోపం. పిల్లలు మెషీన్‌లోకి చూసేటప్పుడు కన్ను బిగపడతారు, అందుకే లేని మైనస్ కనిపిస్తుంది. డాక్టర్ గారు చుక్కల మందు రాశారు. ఆ బిగువు సడలాక రెటినోస్కోపీ చేస్తే కుడి కన్ను ప్లస్ 1.50, ఎడమ కన్ను ప్లస్ 4.50. ఎడమ కన్ను అప్పటికే బద్ధకించి ఉంది. ఇంకో మూడు నాలుగేళ్ళు గడిచి ఉంటే ఆ కన్ను చూపు తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టమయ్యేది. సరైన అద్దాలిచ్చి, మంచి కంటికి రోజూ కొన్ని గంటలు ప్యాచ్ వేయించాం. ఇప్పుడా బాబు ఎడమ కంటితో చార్టులో ఇంకో మూడు వరసలు కిందికి చదువుతున్నాడు. ఆ షాపతను చెడ్డవాడని నేననను. ఎక్కడ మెషీన్‌ని నమ్మకూడదో అతనికెవరూ నేర్పలేదు, అంతే.

చట్టం కూడా ఆ తేడాని గుర్తించింది. 2021లో పార్లమెంటు చేసిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం షెడ్యూల్లో ఆప్టోమెట్రిస్టు పేరుంది. ఆ చట్టం లెక్కలో ఆరోగ్య సంరక్షణ వృత్తి నిపుణులు అనాలంటే కనీసం 3,600 గంటల చదువు, మూడు నుంచి ఆరేళ్ళ కాలం ఉండాలి. నేను చదివిన బి.ఆప్టమ్ మూడేళ్ళ చదువు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. ఇంటర్ తర్వాత తక్కువ కాలంలో పూర్తయ్యే విజన్ టెక్నీషియన్ శిక్షణలు కూడా ఉన్నాయి, ఊళ్ళల్లో వాళ్ళు చేసే పని చాలా విలువైనది. కానీ ఆ పని వేరు, ఈ పని వేరు.

షాపు ఉద్యోగమే గతి అన్నారు. ముందు ఆ షాపునే తీసుకుందాం. మైనస్ 6 అద్దం కేంద్రం కంటిపాప నుంచి అర సెంటీమీటరు పక్కకి జరిగితే ఆ కంటి మీద మూడు డయాప్టర్ల ప్రిజం పడుతుంది, అంటే కనిపించేది పక్కకి జరిగినట్టవుతుంది, మనిషి సాయంత్రానికి తల పట్టుకుంటాడు. కోఠీలో, అబిడ్స్‌లో కౌంటర్ దగ్గర నిలబడి ఆ కొలత సరిగా తీసేవాళ్ళని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. షాపు బయట కూడా చాలా పనుంది. కంటి ఆసుపత్రులు, కాంటాక్ట్ లెన్సు క్లినిక్‌లు, చూపు బాగా తగ్గినవాళ్ళకి పరికరాలిచ్చే లో విజన్ విభాగాలు, బడిపిల్లల పరీక్షలు. మన తెలంగాణలో 2018 ఆగస్టు 15న ప్రభుత్వ కంటి పరీక్షల కార్యక్రమం కంటి వెలుగు మొదలైనప్పుడు, 2023 జనవరిలో రెండో విడత 1,500 బృందాలతో తిరిగినప్పుడు, ఊరి బడిలో చార్టు తగిలించి పవర్ తేల్చిన చేతుల్లో ఆప్టోమెట్రిస్టులవి ఉన్నాయి.

జీతం విషయంలో మాత్రం ఆ మెసేజ్‌లోని నిరాశకి కొంత కారణం ఉంది, దాచను. 2013లో నా మొదటి జీతం తొమ్మిదిన్నర వేలు. మా నాన్న నాతో ఏమీ అనలేదు కానీ అమ్మతో అన్నాడు. మూడేళ్ళు ఓర్చుకుని, కాంటాక్ట్ లెన్సులు నేర్చుకున్నాకే నిలదొక్కుకున్నాను. ఇంట్లో వెంటనే డబ్బు అవసరమున్నవాళ్ళు ఇది తెలుసుకుని చేరాలి.

అమెరికా మాట చివరిది, అది పూర్తిగా తప్పు. మన బి.ఆప్టమ్‌తో నేరుగా అక్కడ ప్రాక్టీసు పెట్టలేరు. అక్కడ ఓడీ అనే నాలుగేళ్ళ డాక్టరేట్ ఉంటుంది, మామూలుగా డిగ్రీ చదివాక చేరతారు. ఓఏటీ వంటి ప్రవేశ పరీక్ష, ఆపైన మూడు భాగాల జాతీయ బోర్డు పరీక్షలు, రాష్ట్రం ఇచ్చే లైసెన్సు. ఖర్చు చాలా ఎక్కువ. అయితే అక్కడ కూడా గ్రేడ్లు ఒక్కటే చూడరు. ఓఏటీ స్కోరు, ఆప్టోమెట్రిస్టు పక్కన నిలబడి పని చూసిన అనుభవం, సిఫార్సు లేఖలు, ఇంటర్వ్యూ అన్నీ కలిపి చూస్తారు.

ఇంకో సంగతి. "సీటు దొరకదు", "ఆ కోర్సుకి విలువ లేదు" అనే రెండు మాటలూ ఒకే మెసేజ్‌లో ఉన్నాయి. రెండూ ఒకేసారి నిజం ఎలా అవుతాయో పంపినవాళ్ళు ఆలోచించలేదు, కానీ 648 వచ్చిన పిల్ల రెండింటినీ నమ్మింది.

నేనా పిల్లకి మూడు ప్రశ్నలు రాసిచ్చాను. కాలేజీకి సొంత కంటి ఆసుపత్రి ఉందా? ఇంటర్న్ రోజుకి ఎంతమంది పేషెంట్లని చూస్తారు? పాఠం చెప్పేవాళ్ళలో ఆప్టోమెట్రీ చదివినవాళ్ళెందరు? నిన్న మా హాల్లో కూర్చుని, స్పీకర్ పెట్టి ఒక కాలేజీకి ఫోన్ చేసింది. గొంతు వణికింది కానీ మూడూ అడిగింది. అవతలివాళ్ళు ఫీజు చెప్పారు, హాస్టల్ చెప్పారు, బస్సు ఏ రూట్లో వస్తుందో చెప్పారు. పేషెంట్ల సంగతి మళ్ళీ అడిగితే, ముందు వచ్చి చేరండి, అన్నీ అవే తెలుస్తాయన్నారు. ఫోన్ పెట్టేసి నోట్‌బుక్‌లో ఆ పేరు మీద గీత కొట్టి, "అక్కా, రెండో నంబర్ చెప్పు" అంది.