మారుతి ఓమ్ని వ్యాను కిటికీ పరదా గారికి, హన్మకొండ నుంచి

పరదా గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. నేను కులాసాగా లేను, నువ్వూ లేవని నిన్న వెనక డోరు తీసినప్పుడు చూశాను, సగం ఊడి చాప చుట్ట మీద బోర్లా పడున్నావు. "గారు" అనడం ఇదే మొదలు, ఇదే చివర. నిన్ను కుట్టినవాడిని, ఆ మాత్రం చనువు ఉంటుంది.

అసలు నీ అవసరమే ఉండకపోయేది. మా చిన్నప్పుడు ఏ వ్యాను చూసినా అద్దాలకు నల్ల కూలింగ్ పేపర్ ఉండేది, లోపల పెండ్లికొడుకు ఉన్నాడో మేకలు ఉన్నాయో తెలిసేది కాదు. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ పేపర్లు వద్దంది. ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు పోవాలి, అదీ అద్దం తయారైనప్పుడే, మనం పైన ఏదో అంటించి సరిపెడతానంటే కుదరదు అని అప్పుడు తేల్చేసింది. మంచిదే, రోడ్డు మీద పోయే బండిలో ఏం జరుగుతుందో కనిపించాల్సిందే. కానీ రాత్రి చెట్టు కింద ఆపుకుని పడుకున్నప్పుడు కూడా కనిపించాలా? అందుకే నువ్వు. బండి ఆగితే వెయ్యాలి, కదిలే ముందు తియ్యాలి. నా కష్టాలన్నీ ఆ "తియ్యాలి" దగ్గరే మొదలయ్యాయి, లేకపోతే నాలుగు స్క్రూలు బిగించి చేతులు దులుపుకునేవాణ్ని.

మాది ఆజంజాహి మిల్లు కుటుంబం. వరంగల్‌లో 1934లో పెట్టిన ఆ బట్టల మిల్లులో మా తాత సాంచాల మీద, అంటే మగ్గాల మీద, పనిచేశాడు, ఎన్ని వేల గజాల బట్ట ఆయన చేతి మీదుగా పోయిందో లెక్కలేదు. ఆయన మనవడు ఓమ్ని వ్యాను కిటికీకి గజం బట్ట తిన్నగా కత్తిరించలేకపోయాడు. ఈ మాట తాత ఫొటో ముందు చెప్పలేదు, నీకే చెప్తున్నాను.

ఓమ్నికి ఎనిమిది అద్దాలు. ముందుది ఒకటి, డ్రైవర్ వరసలో రెండు, జరిపే తలుపులకు రెండు, వాటి వెనక రెండు, డిక్కీది ఒకటి. ఒక్కటి కూడా చక్కని నలుచదరం కాదు. టేపుతో కొలిచి నిలువు ఇంత, అడ్డం ఇంత అని బట్ట కోసిన మొదటి సెట్టులో నాలుగు మూలలా ఆకాశం కనిపించింది. తర్వాత తెలిసిన ఉపాయం ఏందంటే అద్దం మీద పాత పేపరు అంటించి, రబ్బరు బీడింగు అంచు వెంట పెన్సిలుతో గీసి, ఆ కాగితాన్ని బట్ట మీద పరిచి, చుట్టూ అంగుళం ఎక్కువ వదిలి కత్తిరించాలి. ఆ అంగుళం మడతకు పోతుంది. నేను వదలలేదు. పైగా నూలు బట్టను కొయ్యకముందే నానబెట్టి ఆరెయ్యాలట, లేకపోతే మొదటి ఉతుకుకే దగ్గరికొస్తుంది. మా అవ్వ ఈ సంగతి నాకు చెప్పింది, ఎప్పుడయ్యా అంటే ఉతికి ఆరేసిన తర్వాత.

వెనక ఎడమ అద్దానికి పనికొచ్చిన కాగితంతోనే కుడిదానికీ కోశాను. ఎడమ చెప్పు కుడి కాలికి రాదని చిన్నపిల్లకు కూడా తెలుసు. ఆ కుడి ముక్క ఇప్పటికీ తిరగేసి వేలాడుతోంది, కుట్లు బయటికి, అందం లోపలికి.

ఇక నిన్ను నిలబెట్టిన కథ. గాజుకు అంటుకునే రబ్బరు కప్పులు తెచ్చాను. సాయంత్రం గట్టిగా పట్టుకునేవి, రాత్రి చల్లబడగానే ఒక్కొక్కటే టప్, టప్ అని మొహం మీద రాలేవి, మా చిన్నోడైతే బల్లి పడిందని లేచి ఏడ్చాడు. డబుల్ టేపు వేశాను, వరంగల్ మే నెల ఎండకు దాని జిగురు కరిగి బట్టకు పట్టింది, నువ్వు కిందికి, టేపు నీతో పాటు కిందికి. ఇండ్లల్లో కిటికీలకు కట్టే స్ప్రింగ్ తీగ లాగి కట్టాను. ఓమ్ని గోడ పైకి పోయేకొద్దీ లోపలికి వాలి ఉంటుంది కదా, పైన మాత్రమే తీగ కడితే నువ్వు అద్దాన్ని వదిలి మా నెత్తి మీద ఊగుతావు, కింద కూడా ఇంకో తీగ కావాలి. అది తెలుసుకునేలోపు అవ్వ, "ఇవన్నీ ఎందుకు బిడ్డా, కొత్తవాడ జంపఖానా ఏలాడదియ్యి, పది తరాలు ఉంటది" అంది. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, వచ్చింది, వాటి గట్టిదనం మీద నాకే అనుమానమూ లేదు. ఆ అనుమానం తీగ మీద ఉండాల్సింది. జంపఖానా బరువుకు హుక్కు, దాంతోపాటు పెయింటు పెచ్చు ఊడొచ్చాయి.

చివరికి అయస్కాంతాలు. ఓమ్నిలో కిటికీల చుట్టూ రేకు బయటికే ఉంటుంది, కాబట్టి నీ అంచు మడతలో జానెడుకొకటి చొప్పున బిళ్లలు పెట్టి కుట్టేస్తే టక్కున పట్టేసింది. గెలిచాననుకున్నాను. మా ఆవిడ వంగి నిన్ను సర్దబోతే ఆమె పుస్తెలతాడును లాక్కున్నావు. బంగారం అయస్కాంతానికి అంటదు, ఆ సంగతి నాకు తెలుసు, కానీ ఆమె తాడుకు వేలాడే ఆరు పిన్నీసుల మాట మరిచిపోయాను. "ఇగో, ముందు మీ పరదాకు చెప్పుండ్రి, నా మెడల తాడు వదలమని" అంది. అంత చేసినవాడివి, మేడారం చేరేలోపు వెనక మూల బిళ్ల ఒకటి ఎక్కడో రాల్చుకున్నావు.

అవును, మేడారం. 2024 ఫిబ్రవరి, సమ్మక్క సారలమ్మ జాతర. హన్మకొండ నుంచి వంద కిలోమీటర్ల దూరం, ఆ రోజుల్లో గంటల లెక్క ఎవరూ అడగకూడదు. ఒక పొలంలో బండి ఆపాం. పక్కన ట్రాక్టరు, దాని కింద ఇరవై మంది, అవతల చీరలతో కట్టిన గుడారాలు. లోపల జాగా నలుగురికే, అవ్వ, ఆవిడ, ఇద్దరు పిల్లలు. నిన్ను కుట్టిన దర్జీ బయట టార్పాలిన్ మీద.

నువ్వు నన్ను బజారున పడేసింది ఆ రాత్రే. వేడి లాగొద్దని నీకు లేత గోధుమరంగు పల్చటి బట్ట తీసుకున్నాను. పగలు బాగానే ఉన్నావు, బయట వెలుతురు ఎక్కువ, లోపల తక్కువ, ఎవరు తొంగి చూసినా ఏమీ కనబడలేదు. చీకటి పడి లోపల బ్యాటరీ బల్బు వెలిగేసరికి లెక్క తిరగబడింది. ఇది తోలుబొమ్మలాట సూత్రమేనని టార్పాలిన్ మీద పడుకుని చూస్తుంటే అర్థమైంది. బల్బు ముందు అవ్వ బొమ్మ, పక్కన ఆవిడ బొమ్మ, మధ్యలో ఒక డబ్బా. డబ్బాలోంచి గుండ్రంగా, చుట్టలు చుట్టలుగా ఒకటి పైకి లేచి అవ్వ నోటిదాకా పోయింది. మళ్లీ ఇంకోటి. పొద్దున నేనడిగితే "సకినాలు అయిపోయినయి" అన్న డబ్బా అదే. ట్రాక్టరు కింది ముసలమ్మ లేచి కూర్చుని, "ఓ కొడుకా, లోపట సకినాలు తింటున్నరు, నీకు పెట్టలేదా?" అంది. వాళ్లందరూ నవ్వారు. అంతటితో ఊరుకోలేదు, ఎన్ని తిన్నారో లెక్కపెట్టారు కూడా. పదకొండు.

ఇందుకేనా నిన్ను కుట్టింది? నల్లగా, మందంగా, లోపల అస్తరు వేసి కుడితే ఈ తిప్పలు ఉండేవి కావని ఇప్పుడు ఎవరైనా చెప్తారు. పైగా తెల్లారి లేచేసరికి నలుగురి ఊపిరికి అద్దాలన్నీ చెమటపట్టి నువ్వు తడిసి ముద్దయ్యావు. అద్దం అంగుళం జరిపి పడుకోవాలని ఆవిడకు చెప్పాను, దోమలకు నువ్వు సమాధానం చెప్తావా అని అడిగింది.

నీ మీద ఫిర్యాదు ఇక్కడితో ఆపేసేవాణ్ని. కానీ ఆ పొద్దున జరిగింది రాయకపోతే న్యాయం కాదు. జంపన్న వాగులో స్నానాలు చేసిన ఆడవాళ్లు తడి చీరల్లో వణుకుతూ పొలాల దాకా నడిచి వస్తున్నారు. బట్టలు మార్చుకునే గదులు ఉంటాయి, అంత జనానికి అవెక్కడ ఆనుతాయి. ఇద్దరు చీర పట్టుకుని నిలబడితే మూడో ఆమె దాని చాటున మార్చుకుంటోంది, గాలికి ఆ చీర ఒక్కచోట ఆగడం లేదు. ట్రాక్టరు ముసలమ్మ కోడలు మా ఆవిడ దగ్గరికి వచ్చి మెల్లగా, "అక్కా, జర మీ బండ్ల చీర మార్చుకుంటా" అంది. ఆమె దిగేసరికి బయట నలుగురు, కాసేపటికి పదిహేను మంది. నన్ను, పిల్లల్ని దూరంగా పొమ్మన్నారు. ఎండ ఎక్కింది, బయట వెలుతురు, లోపల నీడ. ఆ లెక్కలో నువ్వు తప్పలేదు. బిళ్ల లేని వెనక మూలను మాత్రం మా ఆవిడ చేత్తో పట్టుకుని నిలబడింది, గంటన్నర.

మధ్యాహ్నం తిరుగు ప్రయాణానికి నిన్ను విప్పబోతే ఆ మూల రాలేదు. చూస్తే పిన్నీసు, బీడింగు రబ్బరులోకి గుచ్చి. మా ఆవిడది కాదు, తన ఆరూ తాడుకే ఉన్నాయి. ఎవరు పెట్టారో ఆమెకూ తెలియదు. బండి కదిలేముందు అన్నీ విప్పాలి కాబట్టి విప్పాను, ఇంటికొచ్చాక మళ్లీ అక్కడే గుచ్చాను.

కొత్త బిళ్లలు కొనుక్కొచ్చాను, నిన్న పడిన చోట ఈ ఆదివారం కుడతాను. కుడి ముక్క కూడా విప్పి తిప్పుతాను, ఓపిక ఉంటే. ఆ వెనక మూల జోలికి మాత్రం పోను.

ఇట్లు,
నీ దర్జీ
(సకినాలు ఇంకా దక్కనివాడు)