టైగా శ్మశానం కాదు, మంచు కింద చూడండి

“చలికాలంలో టైగా ఒక మంచు శ్మశానం” అంటూ మొదలయ్యే మెసేజ్ ఒకటి ఈమధ్య తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: ఆరు నెలలపాటు ఆ అడవిలో ప్రాణమున్నదేదీ కదలదు. మంచులో కూరుకుపోయిన చిన్న జీవులు చలికి చస్తాయి. ఎలుగుబంట్లు వసంతం దాకా స్పృహ లేకుండా పడుంటాయి. కప్పలు నిజంగానే చచ్చి మళ్ళీ బతుకుతాయి. పక్షులన్నీ దక్షిణానికి వలసపోతాయి. కాబట్టి భూమి వేడెక్కడం ఈ జంతువులకు వరం.

దానికి జతచేసిన ఫొటో మాత్రం చాలా బాగుంది. రాసిందే తప్పు.

టైగా అంటే అలాస్కా, కెనడాల్లోనూ, అటు స్కాండినేవియా, ఫిన్లాండ్ మీదుగా సైబీరియా తూర్పు కొస దాకానూ భూగోళం నెత్తికి పట్టీ కట్టినట్టు సాగే స్ప్రూస్, పైన్, ఫర్, లార్చ్ చెట్ల అడవి. బోరియల్ అడవి అన్నా ఇదే. ప్రపంచంలో ఉన్న మొత్తం అడవిలో ఇది నాలుగో వంతు కన్నా కాస్త ఎక్కువే. అంత పెద్ద అడవి ఆరు నెలలు మూతపడుతుందంటే నమ్మేముందు కాస్త ఆలోచించాలి కదా!

మెసేజ్‌లోని వరుసలో కాకుండా, అన్నిటికన్నా తలకిందులుగా ఉన్న మాటతో మొదలుపెడతాను: మంచులో కూరుకుపోయిన చిన్న జీవులు చలికి చస్తాయట. అసలు మంచు పడకపోతేనే అవి చస్తాయి. కొత్తగా కురిసిన మంచులో ఎక్కువ భాగం గాలే. ఆ గాలి అందులో చిక్కుకుని కదలదు కాబట్టి మంచు దుప్పటిలా పనిచేస్తుంది. వేసవిలో నేల దాచుకున్న వేడి కింది నుంచి మెల్లగా వస్తూ ఉంటుంది. మంచు ఓ జానెడు మందానికి మించి పేరుకుందంటే, పైన మైనస్ 40 ఉన్నా నేలను ఆనుకున్న చోట సున్నాకి కాస్త అటూఇటూగానే ఉంటుంది. పైగా అడుగున ఉన్న మంచు ఆ కాస్త వెచ్చదనానికే ఆవిరై పైపొరల్లోకి పోతుంది. కింద పొడిపొడి పలుకులూ, వాటి మధ్య ఖాళీలూ మిగులుతాయి. ఆ సందుల్లో వోల్ అనే పొట్టితోక ఎలుకలు చలికాలమంతా తిరుగుతాయి, తింటాయి, ఒక్కోసారి పిల్లల్ని కూడా పెడతాయి.

వాటికి పొరుగున ష్రూ ఉంటుంది. చుంచులా మూతి సాగిన ఈ బుల్లి జీవికి నిద్రాణస్థితిలోకి వెళ్ళే వీలు లేదు. కొన్ని గంటలు తిండి దొరక్కపోతే ప్రాణం పోతుంది. అందుకని చలికాలం ముందు తన శరీరాన్నే తగ్గించుకుంటుంది. పుర్రె, మెదడు కూడా కుంచించుకుపోయి, వసంతంలో మళ్ళీ పెరుగుతాయి. పోలండ్ జంతుశాస్త్రవేత్త ఆగస్ట్ డేనెల్ 1949లో దీన్ని వివరించాడు. ఎముక చిన్నదై మళ్ళీ పెద్దదవుతుందంటే మొదటిసారి చదివినప్పుడు నేనూ నమ్మలేదు.

కింద ఇంత సందడి ఉందని వేటాడేవాటికి తెలుసు. గ్రేట్ గ్రే గుడ్లగూబ కొమ్మ మీద కూర్చుని, మంచు కింద ఎలుక కదిలిన చప్పుడు చెవులతోనే పట్టి, దభీమని మంచులోకి దూకి ఎత్తుకుపోతుంది. సన్నగా పొడుగ్గా, ముంగిసలా ఉండే ఎర్మిన్ అయితే నేరుగా సొరంగాల్లోకే దూరిపోతుంది. గ్రౌస్ పక్షులు రాత్రి నిద్రకి మెత్తటి మంచులోకి దూకి అక్కడే ముడుచుకుంటాయి.

ఎలుగుబంటి సంగతి. అది “స్పృహ లేకుండా” ఏమీ పడుండదు. అలికిడైతే తల ఎత్తి చూడగలదు. అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో పరిశోధకులు నల్ల ఎలుగుబంట్లను చలికాలమంతా గమనించి, 2011లో ఫలితాలు ప్రచురించారు. వాటి శరీర ఉష్ణోగ్రత 30 నుంచి 36 డిగ్రీల మధ్యే ఊగింది. అయినా ఒంట్లో శక్తి ఖర్చు మామూలులో నాలుగో వంతుకి పడిపోయింది. గుండె నిమిషానికి 55 సార్లు కొట్టుకునేది 14కి దిగింది. నెలల తరబడి తిండి లేదు, నీళ్ళు లేవు, మలమూత్రాలు లేవు. ఆ స్థితిలోనే ఆడ ఎలుగు నడిచలికాలంలో అరకిలో కూడా తూగని పిల్లల్ని కని, పాలిచ్చి పెంచుతుంది. బాలింతను పట్టుకుని చచ్చినట్టు పడుందంటే ఎలా?

అంతకన్నా గాఢమైన నిద్ర చూడాలంటే ఆర్కిటిక్ నేల ఉడతను చూడాలి. దాని శరీర ఉష్ణోగ్రత మైనస్ 2.9 డిగ్రీల దాకా దిగినట్టు 1989లో నమోదైంది. అయినా రక్తం గడ్డకట్టదు. రెండు మూడు వారాలకోసారి ఒళ్ళు వేడెక్కించుకుని, కొన్ని గంటలు గడిపి మళ్ళీ చల్లబడుతుంది.

కప్ప విషయంలో మెసేజ్ నిజానికి కాస్త దగ్గరగా వచ్చి తప్పింది. ఉత్తర అమెరికాలో అలాస్కా దాకా ఉండే వుడ్ ఫ్రాగ్ నిజంగానే గడ్డకడుతుంది. గుండె ఆగుతుంది, ఊపిరి ఆగుతుంది, పట్టుకుంటే రాయిలా ఉంటుంది. కానీ చావలేదు. చర్మానికి ఐస్ తగిలిన వెంటనే కాలేయం తన నిల్వల్ని గ్లూకోజ్‌గా మార్చి ఒళ్ళంతా పంపుతుంది. శరీరంలోని నీళ్ళలో దాదాపు మూడింట రెండు వంతులు గడ్డకట్టినా, అది కణాల బయటే జరుగుతుంది. లోపల చిక్కటి చక్కెర నీళ్ళు కణాల్ని కాపాడుతుంటాయి. ఆక్సిజన్ లేకుండానే అవి అతి నెమ్మదిగా పని నడుపుతాయి. ఫెయిర్‌బ్యాంక్స్ దగ్గర అడవిలో ఆకుల కింద ఉన్న కప్పలు మైనస్ 18 దాకా తట్టుకుని, దాదాపు ఏడు నెలలు అలాగే ఉండి, కరిగాక లేచి వెళ్ళిపోయాయని 2014లో తేలింది. దాని హద్దు దాటిన చలి పడితే కప్ప నిజంగానే చస్తుంది. అప్పుడు ఏ వసంతమూ దాన్ని లేపదు. మహిమలేమీ లేవు.

పక్షులు? చాలా జాతులు వెళ్ళిపోయే మాట నిజమే. కానీ చికడీ అనే, పిడికిట్లో పట్టే పిట్ట ఉండిపోతుంది. వేల చోట్ల గింజలు దాస్తుంది. రాత్రి శరీర ఉష్ణోగ్రతను సుమారు 10 డిగ్రీలు తగ్గించుకుని తెల్లారిదాకా నెట్టుకొస్తుంది. క్రాస్‌బిల్‌కి స్ప్రూస్ కాయల్లో విత్తనాలు దండిగా ఉంటే చాలు, నడిచలికాలంలోనైనా గుడ్లు పెడుతుంది. కెనడా జే అయితే ఇంకా మంచు కరగకముందే, ఫిబ్రవరి, మార్చి నెలల్లో గూడు కడుతుంది. పురుగులు, బెర్రీలు, మాంసం ముక్కలు జిగురు ఉమ్మితో ఉండచేసి, చెట్టు బెరడు సందుల్లో అంటించి పెట్టుకుంటుంది. దీని దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఇక “ఏదీ కదలదు” అన్నదానికి జవాబు వెతకాల్సిన పనే లేదు. మంచు బూట్లు తొడుక్కున్నట్టుండే పాదాలతో తెల్లగా మారిన స్నోషూ కుందేలు, అంతే వెడల్పు పాదాలతో దాని వెంట లింక్స్ అనే అడవి పిల్లి, చెట్ల కొమ్మలు కొరుక్కు తినే మూస్ అనే భారీ జింక, ఐస్ కింద ముందే దాచుకున్న కొమ్మల్ని లాక్కుని తినే బీవర్. అన్నీ మెలకువతోనే ఉంటాయి.

చివరికి ఆ “వరం” మాట. మిగతావి పొరపాట్లు అనుకుందాం, ఇది మాత్రం ప్రమాదకరమైన అబద్ధం. మూస్‌కి చలికాలపు బొచ్చు ఎంత దట్టమంటే, మైనస్ 5 దాటితేనే ఉక్కపోత మొదలవుతుంది. స్నోషూ కుందేలు రంగు మార్చుకునేది చలిని బట్టి కాదు, పగటి పొడవుని బట్టి. మంచు ఆలస్యంగా పడితే గోధుమరంగు నేల మీద తెల్లటి కుందేలు, వేటాడేవాటికి బోర్డు పెట్టినట్టే. చలికాలంలో వాన పడి మంచు మీద ఐస్ పెంకు కడితే, కిందున్న లైకెన్‌ని (నాచులా నేలను అంటుకుని పెరిగేది) కారిబూ, అంటే అక్కడి రెయిన్‌డీర్, తవ్వుకోలేదు. ఒకప్పుడు మైనస్ 40 చలి, పైన్ చెట్లను తొలిచే మౌంటెన్ పైన్ బీటిల్ అనే పురుగు లార్వాల్ని చంపేసేది. అలాంటి చలి తగ్గాక పశ్చిమ కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 1.8 కోట్ల హెక్టార్లకు పైగా అడవికి ఈ పురుగు దెబ్బ తగిలింది. తర్వాత అది రాకీ పర్వతాలు దాటి అల్బర్టాకి చేరి, బోరియల్ అడవిలోని జాక్ పైన్‌ని కూడా పట్టింది. 2023లో కెనడాలో దాదాపు 1.5 కోట్ల హెక్టార్లు కాలిపోయాయి. టైగాకి మంటలు కొత్త కాదు, జాక్ పైన్ కాయలు తెరుచుకునేదే మంట వేడికి. కానీ కాలిన చోట పెరిగిన చెట్లు కాయలు కాసేలోపే మళ్ళీ కాలితే విత్తనం ఎక్కణ్ణుంచి వస్తుంది?

వేడిమి వల్ల లాభపడేవీ లేకపోలేదు. తెల్లతోక జింక ఉత్తరానికి జరుగుతోంది. తనకు హాని చేయని ఒక పరాన్నజీవి పురుగుని వెంట మోసుకెళ్తోంది. అది మూస్ మెదడుని పాడుచేసి చంపుతుంది.

ఇప్పుడు కెనడా జే. కెనడాలో అంటారియో రాష్ట్రంలోని అల్గాంక్విన్ పార్క్ ఈ పిట్ట నివాసానికి దక్షిణపు అంచు. అక్కడ దశాబ్దాలుగా కాళ్ళకి రంగు రింగులు వేసి వీటిని లెక్కపెడుతున్నారు. సంఖ్య సగానికి పైగా పడిపోయింది. పరిశోధకులు చూపే ప్రధాన కారణం ఏమిటంటే, శరదృతువు వెచ్చగా సాగితే చెట్ల సందుల్లో దాచుకున్న మాంసం ముక్కలు చెడిపోతున్నాయి. ఫిబ్రవరిలో గూడు కట్టి పిల్లల్ని లేపాల్సిన వేళకి దాచుకున్న చోట తినడానికి సరిపడా మిగలడం లేదు.