పదిహేడో స్థానం గారికి విన్నపం

మహారాజశ్రీ పదిహేడో స్థానం గారి దివ్య సముఖానికి, అనంతపురం నుంచి ఒక ఫుట్‌బాల్ పిచ్చివాడు నమస్కరించి రాసుకునేది ఏమనగా:

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ఇరవై జట్లుంటే అడుగున ఉన్న మూడూ ఏటా కింది డివిజన్‌కు పోతాయి. వాటికి సరిగ్గా పైమెట్టు తమరిది. తమరి గడప పట్టుకుని వేలాడినవాడికి ఇంకో ఏడాది బతుకు. అందుకే తమరికున్నంత మంది భక్తులు మొదటి స్థానానికి కూడా లేరు. ఆగస్టులో సీజన్ మొదలవుతుందో లేదో, చిన్న క్లబ్బుల మేనేజర్లు తమరి నామజపం అందుకుంటారు. ఈ ఏడు లక్ష్యమేంటని అడిగితే కప్పు అనేవాడు కనిపించడు. ముందు డివిజన్‌లో నిలబడాలి, తర్వాత చూద్దాం అంటారు. ఆ తర్వాత అనేది ఎప్పుడొస్తుందో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

భక్తి మీద నాకు పేచీ లేదు. పేచీ అంతా తమరికి ఇస్తున్న బలి గురించే.

చిన్నా పెద్దా క్లబ్బులు కలిసి ఆడే, ఓడితే ఇంటికే అనే ఎఫ్ఏ కప్‌లో ప్రీమియర్ లీగ్ క్లబ్బులు అడుగుపెట్టేది జనవరిలో, మూడో రౌండ్‌కి. అక్కడ మధ్యాహ్నం మూడింటి ఆట మనకు రాత్రి ఎనిమిదిన్నర. గంట ముందు జట్టు జాబితా ఫోన్లోకి వస్తుంది. నా క్లబ్బు పేరు చెప్పను. చెబితే అదెక్కడుందని అడుగుతారు. చలికి మఫ్లర్ చుట్టుకుని, బజ్జీల బండి దగ్గర నిలబడి, నూనె చేతుల్తోనే జాబితా తెరుస్తాను. గోల్‌లో మూడో గోల్‌కీపర్. వెనకాల మీసాలు ఇంకా సరిగ్గా రాని ఇద్దరు పిల్లలు. చొక్కాల మీద నంబర్లు నలభై దాటిపోయి ఉంటాయి. ఏడాదంతా మేం పేరు పెట్టి అరిచే స్ట్రైకర్ బెంచీ మీద కూడా లేడు. గాయమా అంటే కాదు, విశ్రాంతి. మంగళవారం లీగ్ ఆట ఉందట. ఆ మంగళవారం ఎవరి మీద? లీగ్‌లో ఒకటో రెండో స్థానంలో ఉన్న జట్టు మీద. ఎలాగూ ఓడే ఆట కోసం గెలవగలిగే ఆటను వదిలేస్తారు. అదునుకు వాన పడినా విత్తకుండా, విత్తనపు కాయలు ఖర్చయిపోతాయని అటక మీద దాచుకునే రైతును మా జిల్లాలో నేనింతవరకు చూడలేదు.

ఈ గోడు బ్యాంకులో లోన్లు చూసే మా బావ దగ్గర వెళ్లబోసుకున్నాను. ఆయన తమరి వీరభక్తుడు.

"ఏమప్పా, నీ కప్పు ఫైనల్ గెలిస్తే ఎంతిస్తారు?"

"రెండు మిలియన్ పౌండ్లు దాకా. మన లెక్కలో ఇరవై కోట్ల పైచిలుకు."

"లీగ్‌లో ఒక్క మెట్టు పైకెక్కితే?"

"దాదాపు మూడు మిలియన్లు."

"అట్టడుగున నిలిచినోనికి?"

"వంద మిలియన్లు దాటుతుంది బావా. వెయ్యి కోట్ల పైనే."

"ఇంకేం మరి! పదిహేడుకు దండం పెట్టుకుని పడుకో."

బావ మాట కొట్టిపారేయలేను. కింది డివిజన్‌కు పడితే టీవీ డబ్బు ఒక్కసారిగా తగ్గిపోతుంది. మూడేళ్ల దాకా పారాచూట్ పేమెంట్లని ఏవో ఇస్తారు గానీ, దూకినవాడికి గాలి తెలుస్తూనే ఉంటుంది. ఆటగాళ్ల జీతాల్లో కోత, మంచివాళ్ల అమ్మకం, ఆ తర్వాత ఆఫీసులో చిన్న ఉద్యోగుల మీద వేటు. ఆ చిన్న ఉద్యోగుల గురించి ఆలోచించే మేనేజరైతే ఎంత భయపడినా తప్పు పట్టను.

కానీ లెక్కలో ఒక చిక్కుంది. లీగ్ ఆటలు 38. ప్రీమియర్ లీగ్ క్లబ్బు ఎఫ్ఏ కప్ ఎత్తాలంటే ఆడాల్సింది ఆరు. 2024-25 నుంచి, ఆట సమమైతే మళ్లీ ఆడే రీప్లేలు కూడా తీసేశారు, అలసట సాకు ఇంకా సన్నబడింది. 1992లో ప్రీమియర్ లీగ్ పుట్టింది మొదలు 2025 దాకా టైటిల్ గెలిచినవి ఏడే ఏడు క్లబ్బులు. అందులో లెస్టర్ సిటీ గెలిచిన 2016 కథను ఇప్పటికీ వింతగానే చెప్పుకుంటాం. అంటే చిన్న క్లబ్బు తన చేత్తో పట్టుకోగలిగిన వెండి ఏదైనా ఉందంటే అది ఈ కప్పుల్లోనే ఉంది. దాన్ని తీసుకొచ్చి తమరి పాదాల దగ్గర పెడుతున్నారు.

2014 జనవరిలో ఆస్టన్ విల్లా మేనేజర్ పాల్ లాంబర్ట్, కప్పు లేకపోయినా ప్రీమియర్ లీగ్ మేనేజర్లలో చాలామందికి బెంగ ఉండదన్న ధోరణిలో మాట్లాడారు. కప్పు కూడా పంతానికి పోయినట్టుంది, మూడో అంచె జట్టు షెఫీల్డ్ యునైటెడ్ వచ్చి విల్లాను విల్లా మైదానంలోనే 2-1తో ఓడించింది. విల్లా ఆ ఏడు 15వ స్థానంలో నిలిచింది. 2017లో బర్న్‌లీ, ఎక్కడో ఐదో అంచెలో ఉన్న లింకన్ సిటీ చేతిలో 89వ నిమిషంలో గోల్ తిని పోయింది. ఆ ఏడు బర్న్‌లీది 16వ స్థానం. శుభం. ఆ పదిహేను, పదహారు స్థానాలకు ఊరేగింపు ఎక్కడ చేశారో తెలిస్తే చెప్పగలరు.

తమరి వకీళ్లు ఎప్పుడూ ముందుకు తెచ్చే సాక్షి విగన్ అథ్లెటిక్. 2013 మే 11న ఫైనల్‌లో మాంచెస్టర్ సిటీ మీద తొంభై నిమిషాలు దాటాక ఇంజూరీ టైమ్‌లో బెన్ వాట్సన్ తలతో కొట్టిన గోల్, 1-0, కప్పు. మూడు రోజులకు ఆర్సెనల్ చేతిలో 4-1, కింది డివిజన్. ఒకే సీజన్‌లో ఎఫ్ఏ కప్ గెలిచి దిగజారిన మొదటి క్లబ్బు అదే. ఆ తర్వాత పైకి రాలేదు, 2020లో దివాలా నిర్వాహకుల చేతికి కూడా వెళ్లింది. చూశారా, కప్పు ముంచింది అంటారు. ముంచింది కప్పా, 38 ఆటల్లో వచ్చిన 36 పాయింట్లా? సరే, వాదన వద్దు. ఆ ఏడు తమరి ఒళ్లో కూర్చున్నది ఎవరో ఆ వకీళ్లను అడగండి. సండర్లాండ్, 39 పాయింట్లు. నేను కూడా వెతికి చూస్తే గానీ చెప్పలేకపోయాను. వాట్సన్ గోల్ మాత్రం అనంతపురంలో ఎవరినీ అడగకుండానే గుర్తుంది.

క్రిస్టల్ ప్యాలెస్ మాటేమిటి? 1905లో పుట్టిన క్లబ్బు. 1990లో, 2016లో ఎఫ్ఏ కప్ ఫైనల్ దాకా వచ్చి రెండుసార్లూ మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో ఓడింది. 2025 మే ఫైనల్‌లో మాంచెస్టర్ సిటీ మీద 16వ నిమిషంలో ఎజె గోల్ కొట్టాడు, హెండర్సన్ పెనాల్టీ ఆపాడు, 120 ఏళ్లకు మొదటి పెద్ద కప్పు. లీగ్‌లో 12వ స్థానం, ఏ ప్రమాదమూ లేదు. తర్వాత యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ వాళ్లు యాజమాన్య వాటాల నిబంధన చూపించి, యూరప్ క్లబ్బుల రెండో స్థాయి పోటీ యూరోపా లీగ్ నుంచి మూడో స్థాయి కాన్ఫరెన్స్ లీగ్‌కు దించారు. పెళ్లికి పిలిచి రెండో పంక్తిలో కూర్చోబెట్టడం వాళ్లకూ వచ్చు.

మా తెలుగువాళ్లకు కప్పు విలువ ఎవరూ నేర్పక్కర్లేదు. ఈ దేశంలో జాతీయ లీగ్ వచ్చిందే 1996లో. అంతకుముందు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు రహీమ్ సాబ్ శిక్షణలో 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు ఎత్తుకొచ్చింది. అప్పుడు తమరు లేరు కాబట్టి విశ్రాంతి ఇవ్వడానికి ఎవరికీ తోచలేదు.

అన్నట్టు, 2025లో తమరి గడపలో కూర్చున్నది సాక్షాత్తూ టోటెన్‌హామ్. లీగ్‌ను గాలికొదిలేసి యూరోపా లీగ్ మీద పడ్డారు, గెలిచారు, తమరి ఇంట్లోంచే నేరుగా యూరప్‌లో అన్నిటికన్నా పెద్ద పోటీ ఛాంపియన్స్ లీగ్‌కు నడిచి వెళ్లారు. మేనేజర్‌కు మాత్రం ఉద్యోగం పోయింది. అది తమరి శాపమో, చైర్మన్ కోపమో మా బావ కూడా తేల్చలేకపోయాడు.

కాబట్టి వచ్చే జనవరిలో తమరి భక్తులకు ఆరంటే ఆరు ఆటలకు సెలవు ఇప్పించవలసిందిగా ప్రార్థన. మా స్ట్రైకర్‌ను పంపండి, మంగళవారం ఆ పిల్లల్ని ఆడించండి. ఎటూ మూడు గోల్స్ తింటాం, వాళ్లు తిన్నా అంతే.

ఇంట్లో పెద్దలు పదహారు గారికీ పదిహేను గారికీ నమస్కారాలు. పద్దెనిమిది గారికి విడిగా ఉత్తరం రాస్తున్నాను. 2011లో ఇంగ్లండ్‌లోని రెండో నాకౌట్ కప్పు, లీగ్ కప్ ఎత్తిన బర్మింగ్‌హామ్ సిటీ, 2013లో విగన్, ఇద్దరూ ఆ ఇంటివాళ్లే. పక్కిల్లే కదా, తీరినప్పుడు వెళ్లి ఆ బీరువా ఒకసారి చూసి రండి.

ఇట్లు,
తమరి గడప తొక్కడం ఇష్టంలేని ఒక అనంతపురం వాసి