నలభై ఏళ్లకోసారి పూయదు, ఎవరినీ మింగదు

ఏదో ఒక బొటానికల్ గార్డెన్‌లో టైటాన్ ఆరమ్ మొగ్గ తొడిగిందన్న వార్త రావడమే ఆలస్యం, పాత వాట్సాప్ సందేశం ఒకటి మళ్లీ ఊరేగింపు మొదలుపెడుతుంది. దాని సారాంశం ఇది: ‘ప్రపంచంలోకెల్లా అతి పెద్ద పువ్వు. నలభై ఏళ్లకు ఒక్కసారే పూస్తుంది. శవం కంపు కొడుతుంది, ఆ వాసన పీలిస్తే ప్రాణానికే ముప్పు. పురుగుల్ని, చిన్న జంతువుల్ని పట్టి తింటుంది. అడవుల్లో ఎప్పుడో అంతరించింది. టికెట్ల కోసం గార్డెన్‌వాళ్లే మందులు పెట్టి పూయిస్తారు. దుంప దొరికితే మీరూ పెంచుకోవచ్చు.’

ఇందులో కంపు మాట ఒక్కటే పూర్తిగా నిజం. మిగతావాటి సంగతి వరసగా చూద్దాం.

అతి పెద్ద పువ్వు అన్నారు. అసలు అది ఒక పువ్వు కాదు, పూగుత్తి. మధ్యలో నిటారుగా లేచే కంకి, దాని చుట్టూ దొప్పలా విచ్చుకునే ఆచ్ఛాదన మాత్రమే మనకు కనిపిస్తాయి. ఈ దొప్ప బయట లేత ఆకుపచ్చ, లోపల పచ్చిమాంసం రంగు. అసలు పువ్వులు కంకి అడుగున, దొప్ప లోపల దాగి ఉంటాయి. కింది వరసల్లో ఆడపువ్వులు, వాటి మీద మగపువ్వులు, అన్నీ కలిపి వందల సంఖ్యలో. విడి పువ్వుల్లో పెద్దదంటే మీటరు వెడల్పు దాకా పెరిగే రఫ్లీసియా ఆర్నాల్డి. సందేశం కింద అతికించే ఫొటో కొన్నిసార్లు దానిదే! పూగుత్తుల్లో పెద్దదంటే శ్రీతాళం చెట్టుది. మూడు మీటర్ల దాకా లేచే టైటాన్ ఆరమ్‌కు దక్కే బిరుదు ‘కొమ్మలు లేని పూగుత్తుల్లో అతి పెద్దది’. అంత పొడుగు బిరుదు వాట్సాప్‌లో నడవదు మరి.

ఇక నలభై ఏళ్ల మాట. ఈ మొక్క లెక్కంతా దుంపలో ఉంటుంది. పూత లేని కాలంలో ఇది ఒక్కటంటే ఒక్క ఆకును పైకి పంపుతుంది. ఆ ఆకే చిన్న చెట్టంత ఉంటుంది, ఆరు మీటర్ల దాకా ఎదుగుతుంది. ఏడాదికి పైగా నిలిచి, పిండిపదార్థాన్ని దుంపలోకి దించి, ఎండి పడిపోతుంది. కొన్ని నెలలు దుంప నిద్రపోతుంది. మళ్లీ ఆకు. ఇలా కొన్ని విడతలు గడిచి దుంపలో తగినంత నిల్వ చేరాక, ఆకుకు బదులు మొగ్గ వస్తుంది. విత్తనం నుంచి తొలి పూతకు సాధారణంగా ఏడు నుంచి పదేళ్లు పడుతుంది. తర్వాత ఖచ్చితమైన గడువేమీ లేదు. రెండు మూడేళ్లకే మళ్లీ పూసినవి ఉన్నాయి, పదేళ్లు ఊరుకున్నవీ ఉన్నాయి. జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయ బొటానికల్ గార్డెన్‌లో 2006లో ఒకే దుంప నుంచి ఏకంగా మూడు పూగుత్తులు వచ్చాయి. ఎడిన్‌బరో గార్డెన్‌లో ఒక దుంప 153.9 కిలోలు తూగింది. అంత నిల్వ ఉన్న మొక్క నలభై ఏళ్లు ఎందుకు ఆగుతుంది?

మరి ఆ సంఖ్య ఎక్కడ పుట్టింది? నాకు రెండు అనుమానాలున్నాయి. ఇటలీ వృక్షశాస్త్రవేత్త ఓడోఆర్డో బెక్కారీ 1878లో ఇండొనేసియా ద్వీపమైన సుమత్రాలో ఈ మొక్కను చూసి విత్తనాలు పంపితే, వాటి నుంచి మొలిచిన మొక్క లండన్‌లోని క్యూ గార్డెన్స్‌లో 1889లో పూసింది. అక్కడ మళ్లీ పూత 1926లో. చూడవచ్చిన జనాన్ని అదుపు చేయడానికి పోలీసులను పిలవాల్సి వచ్చింది. మధ్యలో ముప్పై ఏడేళ్లు. రెండో అనుమానం వార్తల శీర్షికల మీద. 2025 జనవరిలో సిడ్నీ గార్డెన్‌లో పూసినప్పుడు, ‘ఇక్కడ పదిహేనేళ్లలో ఇదే మొదటిది’ అని రాశారు. ఆ ‘ఇక్కడ’ అన్న మాట జారిపోతే చాలు, ఒక తోట చరిత్ర కాస్తా మొక్క స్వభావమైపోతుంది. నిజంగా దశాబ్దాల తర్వాత ఒకే ఒక్కసారి పూసి, కాయలు పండాక చచ్చిపోయేది పైన చెప్పిన శ్రీతాళం. దాని గురించి మాత్రం ఎవరూ సందేశాలు పంపరు.

ప్రాణానికి ముప్పు అన్న దాని మీద ఎక్కువ చెప్పనక్కర్లేదు. ముక్కు మూసుకుని వేలమంది వరసల్లో నిలబడి చూసి క్షేమంగా ఇళ్లకు వెళ్తున్నారు. కుళ్లిన మాంసం నుంచి వచ్చే డైమిథైల్ ట్రైసల్ఫైడ్, పాడైన చేపల ట్రైమిథైలమిన్, చెమట మేజోళ్లను తలపించే ఐసోవలెరిక్ ఆమ్లం, అన్నీ ఈ కంపులో ఉన్నాయి. కడుపులో తిప్పడం ఖాయం, అంతే. మన కంద దీనికి దాయాది, రెండూ అమార్ఫోఫాలస్ ప్రజాతివే. కంద పూసినప్పుడు దగ్గరికి వెళ్లినవారికి ఈ వాసన కొత్త కాదు.

‘పట్టి తింటుంది’ అన్నది మాత్రం మొక్క చేసే పనికి సరిగ్గా వ్యతిరేకం. పురుగుల్ని తినే నెపెంథిస్ మొక్క తిత్తిలో ఉన్నట్టు ఇందులో జీర్ణరసమేమీ లేదు. వికసించిన రాత్రి కంకి మనిషి ఒంటి వేడికి దగ్గరగా వేడెక్కి, తెరలు తెరలుగా కంపును పైకి విసురుతుంది. శవాల మీద గుడ్లు పెట్టే పెంకుపురుగులు, ఈగలు మోసపోయి అడుగుకు దిగుతాయి. ఆ రాత్రి ఆడపువ్వులు మాత్రమే సిద్ధంగా ఉంటాయి. అవి ముగిశాక మగపువ్వులు దారాల్లా పుప్పొడిని వదులుతాయి. అది ఒంటికి అంటుకున్న పురుగు బయటపడి మరో మొక్కను చేరితేనే దీనికి లాభం. వచ్చినవాటిని తినేస్తే వంశం అక్కడితో ఆగిపోతుంది. తోటల్లో ఆ పురుగులుండవు కాబట్టి, సిబ్బంది దొప్ప అడుగున చిన్న కిటికీలా కోసి, వేరే గార్డెన్ నుంచి తెప్పించిన పుప్పొడిని కుంచెతో అద్దుతారు.

అంతరించిపోలేదు. సుమత్రా అడవుల్లో ఇప్పటికీ ఉంది. కానీ అడవుల నరికివేత వల్ల 2018లో ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాకెక్కింది.

మందులు పెట్టి పూయిస్తారన్నవారికి 2015లో షికాగో బొటానిక్ గార్డెన్‌లో జరిగింది చెప్పాలి. ‘స్పైక్’ అని ముద్దుపేరు పెట్టిన మొక్క కోసం జనం రోజుల తరబడి వచ్చి చూశారు. అది విచ్చుకోనే లేదు. నిల్వ చాలలేదని తేల్చి, చివరికి సిబ్బందే అందరి ముందూ దొప్పను కోసి లోపలి పుప్పొడిని తీసుకున్నారు. మందుతో పూయించగలిగినవారు ఆ పరాభవం ఎందుకు పడతారు?

మిగిలింది పెంపకం. మొక్కల మీద ప్రేమతో డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ఈ విత్తనాలు ఎండబెడితే బతకవు, విత్తన నిధుల్లోనూ నిల్వ ఉండవు. ఎండు విత్తనాల ప్యాకెట్లు కొని ప్రయోజనం లేదు. చిన్న దుంప నిజంగానే దొరికినా, ఏళ్ల తరబడి మీకు కనిపించేది ఆకు మాత్రమే. ఏడాది పొడవునా వెచ్చదనం, గాలిలో తేమ, నీరు నిలవని వదులు మట్టి, ఏటేటా పెద్ద కుండీ కావాలి. ఆకు పడిపోయాక చచ్చిందనుకుని నీళ్లు పోసేవారే ఎక్కువ. నిద్రలో ఉన్న దుంపను కుళ్లబెట్టడానికి అంతకన్నా సులువైన దారి లేదు.

గార్డెన్‌కు వెళ్లి చూడాలనుకుంటే వేళ చూసుకోండి. మధ్యాహ్నం దాటాక దొప్ప విడవడం మొదలై, రాత్రికి పూర్తిగా తెరుచుకుంటుంది. కొన్ని తోటలు ఆ ఒక్క రాత్రీ పొద్దుపోయేదాకా తలుపులు తెరిచే ఉంచుతాయి. మర్నాడు మధ్యాహ్నం తీరిగ్గా వెళ్తే రంగు కనిపిస్తుంది గానీ, కంపు చాలావరకు పోయి ఉంటుంది.