యుగ సహస్ర యోజనాల లెక్క

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో పిల్లల సైన్సు పుస్తకం ఒకటి దొరికింది. సౌర కుటుంబం పాఠంలో సూర్యుడి బొమ్మ పక్కనే బాక్సు కట్టి ఒక 'నిజం' వేశారు: సూర్యుడి దూరం హనుమాన్ చాలీసాలో 'యుగ సహస్ర యోజన పర భానూ' (యుగ సహస్ర యోజనాల దూరాన సూర్యుడు) అన్న పాదంలో ఎప్పుడో చెప్పేశారట. యుగం 12,000, సహస్రం 1,000, యోజనం 8 మైళ్లు. హెచ్చవేస్తే 9 కోట్ల 60 లక్షల మైళ్లు. అసలు దూరం సుమారు 9 కోట్ల 30 లక్షలు. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనూ ఈ లెక్క తిరుగుతూనే ఉంటుంది.

ఇంత బాగా కుదిరిందంటేనే అనుమానం రావాలి. యుగం కాలమానం. 12,000 అన్నది నాలుగు యుగాలూ కలిసిన చతుర్యుగానికి దివ్య సంవత్సరాల్లో, అంటే దేవతల ఏళ్లలో, లెక్క. మన సంవత్సరాల్లో అయితే 43,20,000. ఏళ్లను యోజనాలతో గుణిస్తే దూరం ఎలా వస్తుంది? యోజనం కూడా గ్రంథాన్ని బట్టి మారుతుంది. ముందు జవాబు చూసుకుని, దానికి సరిపోయే అంకెలు ఏరుకున్నారంతే.

అమ్మ మంగళవారం చాలీసా చదువుకుంటే అది పసి హనుమంతుడు సూర్యుణ్ణి తియ్యటి పండనుకున్న ముచ్చట. టేపు పట్టుకుని చదివేది కాదు. దానితో నాకు పేచీ లేదు. నా బాధ ఆర్యభటుడి గురించి.

క్రీ.శ. 499లో ఆయన నిజంగానే లెక్క కట్టాడు. భూమి వ్యాసం 1,050 యోజనాలు, చంద్రకక్ష్య చుట్టుకొలత 2,16,000 యోజనాలు. అంటే చంద్రుడు భూమి వ్యాసానికి దాదాపు 33 రెట్ల దూరంలో ఉన్నట్టు. ఇవాళ్టి కొలత 30 రెట్లు. రెండూ ఆయన యోజనాలే కాబట్టి యోజనానికి ఎన్ని మైళ్లన్న తగువే లేదు. దుర్భిణి లేని రోజుల్లో!

సూర్యుడి దగ్గర తప్పాడు. గ్రహాలన్నీ ఒకే వేగంతో నడుస్తాయనుకున్నాడు. చంద్రుడి చుట్టు 27 రోజులు, సూర్యుడిది 365. కాబట్టి సూర్యుడు 13 రెట్లు దూరం. అలా తేలింది సుమారు 4 లక్షల 60 వేల యోజనాలు. అసలు దూరంలో పాతికో వంతు కూడా కాదు. తప్పే, కానీ ఎక్కడ తప్పాడో వేలుపెట్టి చూపించగలిగిన తప్పు. చాలీసా లెక్కలో అదే దూరం కోటీ 20 లక్షల యోజనాలు. ఖగోళ సిద్ధాంత గ్రంథాలు రాసినవాళ్లకు అందని సంఖ్య చాలీసా రాసిన అవధీ భక్తకవి తులసీదాసుకు అందిందా?

పుస్తకం రాసినవాణ్ణి మాత్రం ఏమనగలం? 2019లో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో కౌరవులు టెస్ట్‌ట్యూబ్ బేబీలన్నది సాక్షాత్తూ ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్పటి వీసీ.

ఇదే ఊళ్లో, బేగంపేటలో, నిజామియా అబ్జర్వేటరీ వాళ్లు ఫొటో పలకల మీద 7 లక్షల 63 వేల పైచిలుకు నక్షత్రాల స్థానాలు కొలిచారు. పుస్తకంలో ఆ ఊసు లేదు. ఆర్యభటుడికి చివరి పేజీలో చిన్న బొమ్మ, కింద ఒక్క వాక్యం: 'సున్నాను కనిపెట్టారు.' ఆయన రాసిన ఆర్యభటీయంలో సున్నాకు గుర్తే లేదు. అంకెలన్నీ అక్షరాలతోనే రాశాడాయన.