పొటోసీ గని వాకిట పర్యాటకుడి సంచి

బొలీవియాలోని పొటోసీలో గనులు చూడవచ్చిన పర్యాటకుణ్ణి గైడు సాధారణంగా ముందు తీసుకువెళ్లేది గనికి కాదు, బజారుకు. గని కార్మికుల బజారుగా పేరుపడిన ఆ వీధి కొట్లలో కోకా ఆకులు, సిగరెట్లు, శీతల పానీయాలు, 96 శాతం ఆల్కహాల్ సీసాలు ఉంటాయి. వాటి పక్కనే డైనమైట్ కడ్డీలు, ఫ్యూజు చుట్టలు కూడా మామూలు కిరాణా సరుకుల్లా అమ్ముడవుతుంటాయి. లోపల పనిచేసేవారికి వీటిలో ఏదో ఒకటి కానుకగా పట్టుకెళ్లడం అక్కడి మర్యాద. చాలామంది యాత్రికులు దీన్ని సరదాగా చెప్పుకుంటారు గానీ, ఆ ఊరి కథ అర్థం కావడానికి ఆ సంచిని మించిన ఆధారం లేదని నా అభిప్రాయం.

సముద్రమట్టానికి 4,000 మీటర్ల ఎత్తున ఒక పట్టణం వెలిసిందంటే కారణం ఎదురుగా నిలిచిన సెర్రో రికో కొండే. 1545లో ఇక్కడ వెండి బయటపడింది. 1570లలో స్పానిష్ వైస్రాయ్ ఫ్రాన్సిస్కో డి టొలెడో పాదరసంతో వెండిని వేరుచేసే పద్ధతిని విస్తరింపజేసి, స్పెయిన్‌వారికి ముందు అక్కడ ఏలిన ఇంకా రాజుల కాలపు వంతు పని ఆచారాన్ని ‘మిటా’ పేరిట నిర్బంధ చాకిరీగా మార్చాడు. ఏటా పదమూడు వేలకు పైగా ఆదివాసీ పురుషులను దూర ప్రాంతాల నుంచి ఇక్కడికి తరలించాలన్నది ఆ ఏర్పాటు. ఈ కొండ ఎనభై లక్షల మందిని మింగిందని గైడ్లు తరచూ చెప్పే లెక్కను చాలామంది చరిత్రకారులు ఒప్పుకోరు. అంత పెద్ద సంఖ్య వినిపించగానే శ్రోత మనసులో అదంతా ఎప్పుడో ముగిసిన ఘోరంగా స్థిరపడిపోవడం నన్ను ఇంకా ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది.

ఎందుకంటే అది ముగియలేదు. 1952 విప్లవం తర్వాత బొలీవియా పెద్ద గనులను జాతీయం చేసింది. 1985లో, అప్పటికి ఆ గనులకు ముఖ్య ఆధారమైన తగరం ధర కుప్పకూలడంతో ప్రభుత్వ గనుల్లో వేలాది ఉద్యోగాలు పోయాయి, కొండ చాలావరకు సహకార సంఘాల చేతికి వచ్చింది. సహకారం అన్న మాట వినసొంపుగానే ఉంటుంది. ఆచరణలో అక్కడి కార్మికుడు తన హెల్మెట్టు, దీపం, పేలుడు మందు తానే కొనుక్కుంటాడు, దొరికిన ఖనిజాన్ని బట్టే అతని రాబడి. కొండను తవ్వి ఎలుకను పట్టడమన్న మన సామెతలోని వ్యంగ్యం అతనికి నిత్య జీవితం. పర్యాటకుడు ఇచ్చే డైనమైట్ కడ్డీ అతనికి ఎందుకంత ఇష్టమైన కానుకో ఇప్పుడు తెలుస్తుంది. మామూలుగా యజమాని భరించవలసిన ఖర్చులో ఒక ముక్కను దారిన పోయే విదేశీయుడు భరిస్తున్నాడు.

లోపల ఒక పక్క అరలో ‘టియో’ కూర్చుని ఉంటాడు. మట్టితో చేసిన కొమ్ముల విగ్రహం, నోట్లో సిగరెట్టు, ఒడిలోనూ కాళ్ల దగ్గరా కోకా ఆకుల పోగు. భూమి కింది ఖనిజానికి అతడే యజమాని అని నమ్మిక. శుక్రవారం నాడు కార్మికులు అతని ముందు చేరి ఆల్కహాల్ చుక్కలు నేల మీద ఒలకబోసి, ఆ తర్వాతే తాము తాగుతారు. దుమ్ములో అన్నం తినడం కష్టం కాబట్టి బుగ్గన పెట్టుకున్న కోకా ముద్దే వాళ్లకు ఆకలి మందు, గడియారం కూడా. దాని రుచి పోయిందంటే విరామానికి వేళయిందని గుర్తు. ఇదంతా ఫోటోకు బాగుంటుంది. కానీ ఆ ఫోటోలో సిలికా దుమ్ము కనిపించదు, ఏళ్ల తరబడి దాన్ని పీల్చిన ఊపిరితిత్తులూ కనిపించవు.

అయితే ఈ యాత్రలు మానెయ్యాలా? ఇతరుల కష్టాన్ని వినోదంగా చూడటమే ఇదంతా అనే విమర్శలో నిజముంది. అయినా మానేస్తే గనిలో పని ఆగదు, గైడ్లుగా బతుకుతున్న మాజీ కార్మికుల జీవనోపాధి మాత్రం పోతుంది. నా దృష్టిలో వెళ్లవచ్చు, కానీ గనిని మ్యూజియంగా కాక ఒకరి పనిచోటుగా చూసి వెళ్లాలి. టికెట్టు డబ్బులో సంఘానికి ఎంత చేరుతుందో ముందే అడగాలి. ఖనిజం నింపిన ట్రాలీని తోసుకువస్తున్నవాళ్లకు దారివ్వాలి, ఫోటో కోసం వాళ్లను ఆపకూడదు. ఆల్కహాల్ బదులు దుమ్ము మాస్కులు, తాగునీరు తీసుకెళ్లడం మేలు. తన ప్రాణానికి పూచీ ఎవరిదీ కాదన్న సంగతి కూడా పర్యాటకుడు గ్రహించాలి.

ఇక కొండ సంగతి. 1987లో పొటోసీ ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. శతాబ్దాల తవ్వకంతో డొల్లబారిన కొండ శిఖరం కుంగుతుండటంతో 2014లో యునెస్కో దాన్ని ప్రమాదంలో ఉన్న వారసత్వంగా ప్రకటించింది. 4,400 మీటర్లకు పైన తవ్వరాదన్న ఆంక్ష కాగితం మీద ఉంది. శిఖరం ఆకారాన్ని కాపాడాలనేవారి వాదన న్యాయమైనదే, అయితే ఆ గీతకు పైన పనిచేసేవారికి వేరే పని చూపకుండా ఆ ఆంక్ష అమలు కావడం కష్టం.

గని నోటి దగ్గర, పారబోసిన రాళ్ల గుట్టల మీద, సుత్తితో కొట్టి మిగిలిన ఖనిజాన్ని ఏరే స్త్రీలుంటారు. వాళ్లను ‘పల్లిరి’లంటారు. పర్యాటకులు సొరంగంలోంచి బయటికి వచ్చి ఎండకు కళ్లు చికిలించుకుంటూ వాళ్ల పక్కనుంచే నడుస్తారు. సంచి అప్పటికే ఖాళీ అయి ఉంటుంది.