కాలేజీలో చేరిన మొదటి వారమే డిసెబిలిటీ ఆఫీసుకి వెళ్లమనండి

మా అమ్మాయికి డిస్లెక్సియా (తెలివికి లోటు లేకపోయినా చదవడం కష్టమయ్యే సమస్య) ఉందని మూడో తరగతిలోనే తెలిసింది. ఈ మాట మనవాళ్ల ముందు చెప్పడానికి నాకు పదేళ్ల పైనే పట్టింది. ఇక్కడ అమెరికాలో స్కూల్లో ఉన్నన్నాళ్లూ ఐఈపీ (ఇలాంటి పిల్లలకి స్కూలు విడిగా రాసే చదువు ప్రణాళిక) ఉండేది, ఏడాదికోసారి మీటింగుకి పిలిచేవాళ్లు, మేం సంతకం పెట్టి వచ్చేసేవాళ్లం, మిగతాదంతా వాళ్లే చూసుకునేవాళ్లు. కాలేజీలో చేరేటప్పుడు మాత్రం "ఇక్కడెవరికీ చెప్పకమ్మా, రికార్డులో పడిపోతుంది, రేపు సంబంధాలప్పుడు కూడా ఇబ్బంది" అన్నాను. తప్పు నాదే.

మొదటి కెమిస్ట్రీ మిడ్‌టర్మ్ అయిన రోజు రాత్రి ఫోన్ చేసింది. 50 నిమిషాల పరీక్ష. ఒక్కో ప్రశ్న మూడేసి సార్లు చదివితే గానీ బుర్రకెక్కక, చివరి రెండు పేజీలు తిప్పకుండానే పేపరు ఇచ్చేసిందట. "అన్నీ నాకు వచ్చినవే అమ్మా" అని ఒకటే ఏడుపు. పొద్దున్నే నేను కాలేజీకి ఫోన్ చేస్తే, మీ అమ్మాయి రాసిస్తే తప్ప తన విషయాలు మీతో మాట్లాడలేం అన్నారు.

హైస్కూలుతోనే ఐఈపీ అయిపోతుంది. కాలేజీలో పనిచేసేవి వైకల్యం ఉన్నవాళ్లపై వివక్ష చూపకూడదనే రెండు చట్టాలు: 1973 నాటి రిహాబిలిటేషన్ చట్టంలోని సెక్షన్ 504, 1990లో వచ్చిన ఏడీఏ (అమెరికన్స్ విత్ డిసెబిలిటీస్ యాక్ట్). ఇక్కడ ఎవరూ పిలిచి అడగరు, పిల్లలే డిసెబిలిటీ ఆఫీసుకి వెళ్లి, కాగితాలు చూపించి, నాకు ఇది కావాలి అని నోరు తెరిచి అడగాలి. మా అమ్మాయి వెళ్లి అడిగింది. 50 నిమిషాల పరీక్షకి 75 నిమిషాలు ఇచ్చారు, విడిగా గది ఇచ్చారు. ప్రొఫెసర్లకి వెళ్లిన లెటర్ నేనూ చూశాను, అందులో ఏం ఇవ్వాలో ఉంది గానీ డిస్లెక్సియా అన్న మాటే లేదు. ట్రాన్‌స్క్రిప్ట్‌లోనూ ఉండదు. నేను దాచమన్నది దీని గురించే! పోయిన మిడ్‌టర్మ్ మార్కులు మాత్రం పోయినట్టే, అడగకముందు రాసిన పరీక్షకి ఇది వర్తించదు.

ఇండియా నుంచి మాస్టర్స్‌కి వచ్చే పిల్లలకైతే ఇవి చెప్పే దిక్కే లేదు. ఈ చట్టాలకి పౌరసత్వంతో పనిలేదు, ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నా అడగొచ్చు. డిప్రెషన్‌తోనో, ఇంకో జబ్బుతోనో చదవలేకపోతే డాక్టర్ లెటర్ పెట్టి, డీఎస్‌ఓ (కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) అనుమతితో కోర్సులు తగ్గించుకోవచ్చు, అవసరమైతే పూర్తిగా ఆపొచ్చు, ఒక్కో డిగ్రీ స్థాయిలో మొత్తం 12 నెలల దాకా. అయితే ముందు అనుమతి, ఆ తర్వాతే డ్రాప్. ఇది తిరగబడితే వీసా స్టేటస్‌కే ముప్పు. వీసా టెన్షన్‌తో ఎవరికీ చెప్పుకోకుండా గదిలో ముడుచుకుని ఉండిపోయే పిల్లలకి ఈ ఒక్క ముక్క తెలిస్తే ఎంత ధైర్యం!

ఆగస్టులో కొత్త విద్యార్థులకి బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు గురించి గంటల తరబడి చెప్తాం కదా. ఈసారి మన సంఘం కమిటీ వాళ్లు దీనికి ఒక అరగంట ఇవ్వండి. నేను వచ్చి మాట్లాడతాను. మా అమ్మాయి కూడా వస్తానంది.